కంపెనీ వారి కొబ్బరి చెట్టు

నేను ఏడో తరగతి వరకు చదువుకున్నాను. ఎనిమిదికి పడవ దాటి అవతలి ఊరు వెళ్ళాలి. పడవ మునిగితే ఏమవుతుందోనని మా అమ్మ చదువు మానిపించేసింది. ఆ పడవ తర్వాత ముప్ఫై ఏళ్ళు తిరిగింది, మునగలేదు. అయినా మా అమ్మ చేసింది తప్పని నేను ఏనాడూ అనుకోలేదు. మునిగి ఉంటే?

ఆ గుణం నాకూ వచ్చింది. గ్యాసు కట్టేశానో లేదో చూసుకోవడానికి బస్సెక్కిన దాన్ని దిగి వెనక్కి వచ్చిన రోజులున్నాయి. మా ఆయన సూరిబాబు, ఏటి మధ్యనున్న మా లంక నుంచి జనాన్ని దాటించే పంటు మీద టిక్కెట్లు చింపుతారు. రోజుకు ఇరవైసార్లు గోదావరి దాటే మనిషి, ఈత కూడా వచ్చు. అయినా సాయంత్రం ఆయన వసారాలో చెప్పులు విప్పిన చప్పుడు వినేదాకా నాకు మంచినీళ్ళు దిగవు. మా ఒక్కగానొక్క కూతురు కాశీఅన్నపూర్ణ మాత్రం నాన్న పోలిక. దేనికీ బెదరదు. దానికి బెదురు లేదన్నదే నాకు పెద్ద బెదురు.

ఇలాంటి నా ఇంటికి ఒకరోజు బీమా ఏజెంటు వచ్చాడు. వసారాలో కూర్చుని, "అమ్మా, ఇల్లు కాలిపోతే? కూలిపోతే? తుఫానొచ్చి పైకప్పు లేచిపోతే?" అని అడిగాడు. నాలాగా మాట్లాడే మనిషిని నేను అంతవరకు చూడలేదు. ఆ పూటే సంతకం పెట్టేశాను. కంపెనీ పేరు నిశ్చింత గృహ బీమా సంస్థ.

మూడేళ్ళు ఏ గొడవా లేదు. నాలుగో ఏడు తుఫాను వచ్చింది.

మాది పెంకుటిల్లు. ముందు వసారా, నడవ, వెనక పడమటి గది. పెరట్లో కాపు మీదున్న కొబ్బరి చెట్టు. ఆ చెట్టు తుఫానుకు ఒరిగి ఇంటి మీద పడింది. దేవుడి దయ వల్ల గదిలో ఎవరూ లేరు. పడింది గాని చావలేదు. సగం వేళ్ళు పెరట్లో మట్టిలోనే ఉన్నాయి. నడుము వెనక గోడ మీద ఆనింది. తల పెంకులూ దూలమూ విరగ్గొట్టుకుని లోపలికొచ్చి నడిమి గోడ మీద వాలింది. పడమటి గదికి అడ్డంగా, మనిషి ఎత్తుకు రెండు జానల పైన, చెట్టు పడుకుంది. దాని చుట్టూ ఆకాశం.

కాశీకి అప్పుడు ఆరో నెల. తొలి కాన్పు. పుట్టింట్లో పురుడు పోయాలి. కాన్పు ఆసుపత్రిలో అయినా, తల్లినీ పిల్లనూ ఉంచాల్సింది ఆ పడమటి గదిలోనే. ఏడో నెలలో తీసుకొద్దామనుకున్నాం. ఎనిమిదో నెలలో పిల్లను కదపకూడదు. ఏడు తప్పితే ఇక తొమ్మిదే.

"ఏడుకల్లా బాగుచేయించేద్దాంలే. బీమా ఉంది కదా," అన్నారు మా ఆయన.

కంపెనీకి కబురు చేస్తే వారం తర్వాత సర్వేయరు ఇమ్మాన్యుయేల్ గారు వచ్చారు. మెత్తటి మనిషి. చేతిలో టేపు, మెడలో కెమెరా.

"ఏదీ ముట్టుకోలేదు కదమ్మా?"

"మంచం ఇవతలికి లాక్కున్నామండి. వాన కురిసేత్తుంటేను."

ఆయన ముఖం వాడిపోయింది. "నష్టం జరిగిన స్థలాన్ని యథాతథంగా కాపాడటం పాలసీదారు ప్రథమ కర్తవ్యం అమ్మా." మంచాన్ని మళ్ళీ తడిలోకి లాగించి, ఎక్కడుండేదో అక్కడ పెట్టించి, ఫొటో తీసుకున్నారు. వెళ్ళేముందు ఒక ఫారం ఇచ్చి నింపమన్నారు.

ఫారం చివర ఒక గడి ఉంది. 'మీ ఎరుకలో ఉన్న ప్రమాదాలు.' పాలసీ తీసుకున్నప్పుడు ఏజెంటే ఆ గడిలో ఏదో గీకి పారేశాడు. ఈసారి కలం నా చేతికి వచ్చింది. నా భయాలు ఏమిటని ఒక కాగితం మర్యాదగా అడగడం నా జన్మలో అదే మొదలు. గడి చాలక విడిగా కాగితం జతచేశాను. కన్నంలోంచి పాము దిగవచ్చు. దొంగ దిగవచ్చు. దొంగ మీద పాము పడి కరిస్తే కేసు మా మీదకు రావచ్చు. గోడ నానవచ్చు. విమానం వెళ్తూ వెళ్తూ కూలితే అడ్డు ఉండకపోవచ్చు. మొత్తం పద్నాలుగు.

"బాగా రాశారమ్మా," అన్నారు ఇమ్మాన్యుయేల్ గారు. నాకు కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

ఏడో నెల వచ్చింది. కంపెనీ పలకలేదు. పాలసీ గడువు మాత్రం దగ్గరపడింది. గడువుకు రెండు రోజుల ముందు అమలాపురం బ్రాంచికి వెళ్ళాం. మేనేజరు పాండురంగ విఠల్ గారు కళ్ళజోడు తుడుచుకుని మా కాగితాలు చూశారు.

"వీరవేణి గారూ, క్లెయిము నడుస్తుండగా పాలసీ పునరుద్ధరణకు సంస్థ విధానం అంగీకరించదు."

"ఎందుకండీ?"

"మీ గృహం ప్రస్తుతం నష్టపోయిన స్థితిలో ఉంది. అటువంటి గృహానికి మేం భరోసా ఇవ్వడం వివేకం అనిపించుకోదు."

"అయితే ముందు క్లెయిము తేల్చెయ్యండి. కన్నం కప్పేసుకుంటాం."

"క్లెయిము తేల్చాలంటే తేల్చే తేదీ నాటికి పాలసీ అమల్లో ఉండాలి. నిబంధన పద్నాలుగు, బి."

"ఉంది కదండీ."

"ఎల్లుండితో ముగుస్తుంది."

"ఈలోగా తేల్చెయ్యండి మరి."

"తేల్చడానికి తొంభై పనిదినాలు."

"పోనీ రెన్యువల్ చేసెయ్యండి."

"క్లెయిము నడుస్తోంది కదమ్మా."

ఆయన గొంతులో కోపం లేదు. ఎక్కం అప్పజెప్పించే మాస్టారిలా ప్రతి మెట్టూ ఓపికగా ఎక్కించారు, దించారు.

మా ఆయన గొంతు సవరించుకున్నారు. "ఇందులో మేం చెయ్యాల్సింది ఏదన్నా ఉందాండీ?"

"ఉంది. జాగ్రత్తగా ఉండండి."

పది రోజులకు ఉత్తరం వచ్చింది. పునరుద్ధరణ నిరాకరించడమైనది. కారణం ఒకటి, క్లెయిము నడుచుచున్నది. కారణం రెండు, పాలసీదారు తన స్వహస్తముతో పద్నాలుగు ప్రమాదములను ప్రకటించియున్నారు. కింద నా పద్నాలుగూ వరసగా అచ్చు వేశారు. అచ్చులో చూసుకుంటే అవి ఇంకా నిజంగా కనబడ్డాయి.

నేను మళ్ళీ పంటు దాటి, బస్సెక్కి వెళ్ళాను.

"తెలిసిన ప్రమాదానికి బీమా ఉండదమ్మా," అన్నారు విఠల్ గారు. "తెలియని ప్రమాదానికే ఉంటుంది."

"తెలియని ప్రమాదం ఏదో నాకెలా తెలుస్తాదండి?"

"అదే బీమా తత్వం." అని, నన్ను చూసి జాలిపడినట్టున్నారు. సొరుగు లోంచి పచ్చ కాగితం తీశారు. "ఒక వెసులుబాటు ఉంది. పరిమిత పాలసీ. మీరు ఏ ప్రమాదానికి భయపడటం లేదో దానికి మాత్రం బీమా ఇవ్వవచ్చు. క్లెయిముతో సంబంధం లేదు. ఒక్కటి చెప్పండి చాలు. పాలసీ అమల్లో ఉన్నట్టే లెక్క. క్లెయిము కూడా కదులుతుంది."

నేను చాలాసేపు ఆలోచించాను. ఏదీ తట్టలేదు.

"నేను చదువుతాను. భయం లేనిది చెప్పండి," అన్నారు ఆయన. "అగ్నిపర్వతం."

"అంటే ఏటండి?"

"కొండలోంచి నిప్పు పైకి వస్తుంది. మీ లంకలో కొండ లేదు కదా. రాసుకుంటున్నాను."

"కొండ లేదండి. మాకు అవతల నేలలోంచి గ్యాసు తీత్తారు గదండి. ఆ బావిలోంచి రాదా నిప్పు?"

ఆయన అగ్నిపర్వతం కొట్టేశారు. "మంచు తుఫాను."

"తుఫానన్నారా?"

"మంచు, అమ్మా. తెల్లగా పడుతుంది."

"ఏ రంగుదైనా కన్నం మీదే పడతాది గదండి."

కొట్టేశారు. "ఒంటెల గుంపు వచ్చి తొక్కుట."

ఇది భయం లేనిదే అని నాకూ అనిపించింది. కానీ పోయినేడు తీర్థంలో ఒకాయన పిల్లల్ని ఎక్కించడానికి ఒంటెను తెచ్చాడు. అది తాడు తెంపుకుని వేరుశనగల బండి మీదికెళ్ళింది. ఒకటి వచ్చినప్పుడు గుంపు రాదని ఏమిటి. ఆ మాటే చెప్పాను. విఠల్ గారు నీళ్ళు తాగారు. ఆకాశం నుంచి ఉల్కలు పడుట అన్నారు. అవి ఎంత ఉంటాయని అడిగాను. ఇంతా అంతా అని చేతులతో చూపించి, చూపిస్తున్న చేతుల్ని ఆయనే కాసేపు చూసుకున్నారు. తర్వాత లేచి, కిటికీ పక్కనున్న తన కుర్చీని స్లాబు కింద మధ్యకు జరుపుకున్నారు.

పచ్చ కాగితంలో ఇరవై ఆరు ఉన్నాయి. సాయంత్రానికి ఇరవై ఆరూ కొట్టేసి ఉన్నాయి. పద్నాలుగు భయాలతో వెళ్ళినదాన్ని నలభైతో ఇంటికి వచ్చాను.

ఈలోగా చెట్టు తన పని తాను చేసుకుపోతోంది. వేళ్ళు సగమే మిగిలినా కాయ ముదిరి, ఒకరోజు పొద్దున పడమటి గదిలో దభీమని పడింది. వంటకు వాడుకుందామని చేతిలోకి తీసుకున్నాను. అంతలో, యథాతథం అన్నారు కదా, పచ్చడి చేసేస్తే యథాతథం అవుతుందా అని అనుమానం వచ్చింది. ఇమ్మాన్యుయేల్ గారికి ఫోను చేశాను.

"మంచి పని చేశారమ్మా అడిగి," అన్నారు. ఆయన పైవాళ్ళను అడిగారు. పైవాళ్ళు హైదరాబాదును అడిగారు. రెండు ముద్రలతో ఉత్తరం వచ్చింది. సదరు కొబ్బరి వృక్షము, మట్ట, పువ్వు, పిందె, కాయ సహితముగా, క్లెయిము పరిష్కారమగు వరకు సంస్థ ఆస్తి. దానిని కదల్చుట, కోయుట, తినుట చట్టరీత్యా చర్యకు తగును.

అంతకుముందు, కంపెనీ ఎలా పోతే అలా పోనీ, అప్పో సప్పో చేసి చెట్టు కోయించేద్దామని మా ఆయన అంటూ వచ్చారు. ఆ ఉత్తరంతో అదీ పోయింది. మా ఇంట్లో మేము పరాయి చెట్టు కింద ఉన్నాం.

కాయ పడ్డప్పుడల్లా సంచిలో వేసుకుని పంటు దాటి, బస్సెక్కి, అమలాపురం వెళ్ళి అప్పజెప్పేదాన్ని. అటెండరు తిప్పి తిప్పి చూసి రసీదు రాసిచ్చేవాడు. 'ఒక కాయ, మధ్యరకం, పీచుతో సహా.' మొదట బల్ల కింద పెట్టేవారు. తర్వాత బీరువా మీద. తర్వాత రికార్డుల గదిలో. పాత ఫైళ్ళ మధ్య ఒక కాయ మొలకెత్తిందని, దానికి నీళ్ళు పోయవచ్చా అని విఠల్ గారు హైదరాబాదుకు రాశారట. జవాబు రాలేదు. మొలక మాత్రం పెరుగుతూనే ఉంది.

"గుళ్ళో అయితే సగం చిప్ప వెనక్కి ఇస్తారు," అన్నారు మా ఆయన, రసీదుల దొంతర చూసి.

ఏడో నెల దాటిపోయి, ఎనిమిదో నెల సగమైంది. మా వియ్యపురాలు రామతులసి గారు తణుకు నుంచి ఫోను చేశారు.

"వదినగారూ, మీ ఇంట్లో చెట్టు ఇంకా లేవలేదంట గదా."

"లేదండి వదినగారూ. కంపెనీ వాళ్ళు ముట్టుకోనివ్వట్లేదు."

"మీ ఇంట్లో చెట్టుని మీరు ముట్టుకోవడానికి కంపెనీ ఏంటండి? చోద్యం. పోన్లెండి, పురుడు మేమే పోసేసుకుంటాం. మా కోడలు మాకు బరువా? నలుగురూ అడిగితే, పుట్టింట్లో చెట్టు పడుకుంది, కూతురికి చోటు లేదని చెప్తాలెండి."

"వచ్చే నెల తీసుకొస్తామండి."

"చెట్టు కిందకా, చెట్టు మీదకా?"

నవ్వుతూనే అన్నారు. ఆవిడ ఏదన్నా నవ్వుతూనే అంటారు. ఆ తర్వాత ఫోను కాశీ అందుకుంది. పెరట్లోకి నడిచివెళ్ళినట్టుంది, వెనక కోళ్ళు వినబడ్డాయి.

"అమ్మా. నేను వచ్చేత్తానే."

"గదికి కప్పు లేదమ్మా. మంచు పడతాది. పామొచ్చినా..."

"అమ్మా, నాకు భయంగా ఉందే."

 పడవలో నిలబడి ఊగే పిల్ల, ఉరుములకు వసారాలోకి పరిగెత్తి చూసే పిల్ల. పుట్టి బుద్ధెరిగాక అది ఆ మాట అనడం అదే మొదలు. నా దగ్గర నలభై భయాలున్నాయి. దాని ఒక్క భయం ముందు అవి ఎందుకూ పనికిరాలేదు.

మర్నాడే బ్రాంచికి వెళ్ళి, "మాకు క్లెయిమూ వద్దు, ఏటీ వద్దు. చెట్టు తీయించేసుకుంటాం," అన్నాను.

"భేషుగ్గా ఉపసంహరించుకోవచ్చు," అన్నారు విఠల్ గారు. "నష్టం ఏమీ జరగలేదని మీరు రాసివ్వాలి."

"రాసిత్తానండి."

"జరగలేదని సర్వేయరు స్వయంగా చూసి ధ్రువీకరించాలి."

ఇమ్మాన్యుయేల్ గారు వచ్చారు. చెట్టును చూశారు. ఆకాశాన్ని చూశారు. కలం మూత తీసి, మళ్ళీ పెట్టేశారు.

"రాయలేనమ్మా. కనబడుతోంది కదా. ఆదివారం నేను చర్చికి వెళ్ళాలి."

ఆయన్ను ఏమనగలం. మజ్జిగ ఇచ్చి పంపించాం.

ఆ మధ్యాహ్నం చెట్టు కింద కూర్చున్నాను. తల ఎత్తి చూస్తే, లేత మట్టలు పుట్టే మొవ్వు దగ్గర ఏదో నల్లగా కదిలింది. కొమ్ము పురుగు.  ఇది నా చెట్టయితే పురుగుకు మందు వేయించేదాన్ని. ఇది కంపెనీ వారిది. పురుగు తినేసి రేపు చెట్టు చస్తే, మా ఆస్తిని మీ ఇంట్లో చంపారంటే? చట్టరీత్యా చర్య అని రెండు ముద్రలు వేసి మరీ రాశారు. నిండు చూలాలిని ఇంట్లో పెట్టుకుని పోలీసు స్టేషను చుట్టూ తిరగాలి.

వెంటనే కాగితం తీసి రాశాను.

'మేనేజరు గారికి. మా ఇంట్లో ఉన్న మీ చెట్టు గురించి వీరవేణి రాయునది. మీ చెట్టుకు కొమ్ము పురుగు పట్టినది. మీ చెట్టు మొవ్వులో వాన నీరు నిలిచి కుళ్ళవచ్చు. పైన కప్పు లేదు గనక పిడుగు పడితే ముందు మీ చెట్టు మీదే పడును. దొంగ దిగి మీ కాయలు పట్టుకుపోవచ్చు. కోతులు రావచ్చు. మా వంట మంట మీ మట్టలకు అంటుకోవచ్చు.' ఇలా పదకొండు రాశాను. చివర, 'మా ఇంటికి మీరు బీమా ఇవ్వలేదు గనక మీ చెట్టు ప్రస్తుతం బీమా లేని ఇంట్లో, కప్పు లేని గదిలో ఉన్నది. నాకు చాలా భయముగా ఉన్నది. ఏమైనా జరిగితే మా పూచీ లేదు' అని రాసి, రిజిస్టరు పోస్టు చేయించాను.

క్లెయిము పెట్టి రెండు నెలలు దాటినా తేల్చని కంపెనీ, ఆ ఉత్తరం అందిన నాలుగో రోజు జీపులో దిగింది. విఠల్ గారు చెప్పులు విప్పకుండానే పడమటి గదిలోకి వచ్చి, చెట్టు మొవ్వులోకి టార్చిలైటు వేసి చూశారు. ఆయన మొహం మా అమ్మ మొహంలా ఉంది.

"ఎందుకు రాశారమ్మా ఈ ఉత్తరం?" అన్నారు నీరసంగా.

"భయమేసిందండి."

"మాకూ వేసింది. సంస్థ ఆస్తిని బీమా లేని చోట, కప్పు లేని కట్టడంలో ఉంచడం నిబంధన ఇరవై రెండుకు విరుద్ధం. హైదరాబాదులో ముగ్గురు సంజాయిషీ రాసుకుంటున్నారు."

"చెట్టు తీసుకుపోండి అయితే," అన్నారు మా ఆయన. పాపం, ఆశగానే అన్నారు.

"క్లెయిము నడుస్తోంది. సాక్ష్యాన్ని కదల్చకూడదు."

"ఇంటికి బీమా ఇవ్వండి."

"క్లెయిము నడుస్తోంది."

"మరి ఏం చేత్తారు?"

విఠల్ గారు చెట్టును ఆ చివర నుంచి ఈ చివరకు చూశారు. "చెట్టుకు ఇస్తాం," అన్నారు.

అక్కడే, మా మంచం మీద కూర్చుని ఫారం నింపారు. బీమా పొందు ఆస్తి, కొబ్బరి వృక్షము ఒకటి, శయన స్థితిలో. కాలపరిమితి అరవై రోజులు. చివర అదే గడి వచ్చింది, 'మీ ఎరుకలో ఉన్న ప్రమాదాలు'. ఆయన నా ఉత్తరం తీసి పదకొండూ ఒకసారి చదువుకున్నారు. ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని, గడిలో 'లేవు' అని రాశారు.

"అదేంటండి?" అన్నాను.

"ఆస్తి మాది కదమ్మా."

చెట్టుకు బీమా ఉండాలంటే చెట్టు మీద కప్పు ఉండాలి. వారంలో కంపెనీ ఖర్చుతో మేస్త్రీలు వచ్చారు. కొత్త దూలాలు, కొత్త వాసాలు, కొత్త పెంకులు. చెట్టు గోడ దాటే చోట సందు లేకుండా సిమెంటు పూశారు. కొమ్ము పురుగుకు మందు వేయించారు. కాయలన్నీ కోసి, లెక్క చూసి జీపులో వేసుకున్నారు. మానుకు రేకు బోర్డు కొట్టారు, 'ఈ వృక్షము నిశ్చింత సంస్థ ఆస్తి' అని. మా ఆయన చేత, నా చేత ఒక కాగితం మీద సంతకాలు తీసుకున్నారు. సదరు కప్పు వృక్ష సంరక్షణార్థము మాత్రమే నిర్మించబడినది. దాని నీడ ఇంటివారిపై పడుట కేవలము యాదృచ్ఛికము. ఆ నీడపై వారికి ఏ హక్కూ లేదు. కప్పుకు ఏ వస్తువూ వేలాడదీయరాదు.

తొమ్మిదో నెల మొదటి బుధవారం కాశీని తీసుకొచ్చాం. రామతులసి గారు దిగబెట్టడానికి వచ్చి, గదిలోకి తొంగి చూశారు. 

"చెట్టు లోపలే ఉంది గదండి వదినగారూ."

"దానికి బీమా ఉందండి," అన్నాను.

కాశీ మానును చేత్తో నిమిరి, దాని కింద మంచం మీద వాలి, నిద్రపోయింది. మూడు నెలలుగా ఆ పిల్ల అలా నిద్రపోలేదట.

ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. ఇద్దర్నీ పడమటి గదికే తెచ్చుకున్నాం. ఇరవై ఒకటో రోజున పాపను ఉయ్యాలలో వేయాలి. మా ఇంట్లో ఉయ్యాల కట్టేది పడమటి గది దూలానికే. నేనూ దానికి కట్టిన ఉయ్యాలలోనే కాశీని వేశాను. ఆ దూలం చెట్టు పడ్డప్పుడే విరిగింది. కొత్త దూలానికి ఏదీ వేలాడదీయకూడదు. మా ఆయన కంపెనీ కాగితం మూడుసార్లు చదివారు.

"కప్పుకు వేలాడదీయకూడదన్నారు. చెట్టుకు వద్దని ఎక్కడా లేదు," అన్నారు. పంటు కట్టే కొత్త తాడు తెచ్చి, చెట్టుకు రెండు చోట్ల ముళ్ళు వేసి, తాను పట్టుకుని వేలాడి చూసి, ఉయ్యాల కట్టారు.

పేరంటాళ్ళు పాట అందుకున్న వేళకు ఇమ్మాన్యుయేల్ గారు వచ్చారు. చెట్టు పాలసీకి అరవై రోజులూ నిండుతున్నాయట. తనిఖీ చేసి రెన్యువల్ కాగితం తీసుకెళ్ళాలి. గుమ్మంలో ఆగిపోయారు.

"అమ్మా, ఆస్తికి ఏదో తగిలించినట్టుంది."

"ఉయ్యాలండి."

"అందులో?"

"మా మనవరాలండి."

ఆయన పుస్తకం తీశారు. 'అదనపు భారము' అని రాసుకుని, "బరువెంతమ్మా?" అని అడిగారు.

"మూడుంపావు. నిన్న తూయించాం," అంది కాశీ నవ్వుతూ.

రాసుకున్నారు. అటుకుల ఉండ చేతిలో పెడితే తిన్నారు. తర్వాత ఫారం నా ముందు పెట్టారు. "చెట్టు మీ అధీనంలో ఉంది కనుక ఈసారి మీరే నింపాలి. క్లెయిము ఏదైనా నడుస్తోందా అన్నచోట లేదు అని పెట్టండి. చెట్టు మీద ఎవరూ క్లెయిము పెట్టలేదు. ఇక ఆ చివరి గడి ఒక్కటే. అందులో ఒక్కటి రాసినా రెన్యువల్ కాదమ్మా. రెన్యువల్ కాకపోతే కప్పు విప్పేస్తారు."

'మీ ఎరుకలో ఉన్న ప్రమాదాలు.'

కలం పట్టుకున్నాను. పాట సాగుతోంది. ముడి జారవచ్చు. తాడు ఒరుసుకుని తెగవచ్చు. వేళ్ళు సగమే ఉన్నాయి, చెట్టు దొర్లవచ్చు. మాను వెంబడి చీమల బారు రావచ్చు. పాప బోర్లాపడి గుడ్డ ముక్కుకు అడ్డం పడవచ్చు. ఒకదాని వెనక ఒకటి, పంటు దిగే జనంలా వచ్చేస్తున్నాయి. కాశీ ఒక చేత్తో ఉయ్యాల ఊపుతూ నా వంక చూసింది.

గడిలో 'లేవు' అని రాశాను. అక్షరాలు గుండ్రంగానే వచ్చాయి.

ఇమ్మాన్యుయేల్ గారు ఆ మాటను, తర్వాత నా మొహాన్ని చూశారు. ఆయన దగ్గర నా పద్నాలుగూ, ఇరవై ఆరూ, పదకొండూ ఫైల్లో ఉన్నాయి.

"నిజమేనా అమ్మా?"

"మీకేమన్నా కనబడుతోందాండీ?" అన్నాను.

ఆయన ఉయ్యాల దగ్గరకు వెళ్ళారు. పై ముడిని ఒకసారి గట్టిగా లాగి చూశారు. రెండోదీ లాగి చూశారు. పాప మొహం మీదకు వచ్చిన గుడ్డ అంచును వేలితో పక్కకు తప్పించారు. అప్పుడు సంతకం పెట్టారు.